సాంఘికం మార్కు చూస్తే చాలదు, నోటుపుస్తకం తెరవాలి

శ్రీకాళహస్తి: బడి నుంచి ప్రోగ్రెస్ కార్డు వస్తే ఇంట్లో అందరి కళ్ళూ ముందు లెక్కల మార్కు మీదికి పోతాయి. ఆ తరువాత ఇంగ్లీషు, సైన్సు. సాంఘిక శాస్త్రం వంతు చివరికి వస్తుంది. ‘‘సోషలే కదా, నాలుగు రోజులు బట్టీ పెడితే గట్టెక్కుతాడు’’ అనే మాట మన ఊళ్ళలో తరచు వినబడేదే.

ఈ బట్టీ చదువును మాన్పించాలనే ఏడాది పొడవునా పిల్లల చదువును పరిశీలించే విధానం ఒకటి మన బడులలోకి వచ్చింది. దాని పేరు నిరంతర సమగ్ర మూల్యాంకనం. ఉపాధ్యాయులు సి.సి.ఇ. అంటారు. ఏడాది చివర మూడు గంటల పరీక్షతోనే పిల్లవాడిని తూచరాదు. వాడు తరగతిలో ఏం అడిగాడు, సొంతంగా ఏం రాశాడు, ఊళ్ళో తిరిగి ఏం తెలుసుకున్నాడు అన్నది ఎప్పటికప్పుడు చూడాలి. తప్పు కనబడితే అప్పుడే దిద్దాలి. ఇదీ దాని ఉద్దేశం.

ఉద్దేశం మంచిదే. మరి ఆచరణలో దానికి ఏ గతి పట్టింది? మన పిల్లలకు దానివల్ల కలిగిన లాభనష్టాలేమిటి? తల్లిదండ్రులుగా మనం చేయగలిగినది ఏమైనా ఉన్నదా? ఇవి ప్రతి ఇంటికీ సంబంధించిన ప్రశ్నలే.

పాత ఆలోచనే

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. 1952-53లో మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన పనిచేసిన సెకండరీ విద్యా కమిషన్, చివరి పరీక్షతోపాటు పిల్లవాడు బడిలో ఏడాదంతా చేసిన పనికి కూడా విలువ ఇవ్వాలని సూచించింది. అప్పటికి మన చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. 1964-66 నాటి కొఠారి కమిషన్ ఆ మాటనే బలపరిచింది. 1986 జాతీయ విద్యా విధానం కూడా నిరంతర సమగ్ర మూల్యాంకనం కావాలన్నది.

ఇలా కమిషన్లు చెప్పినది చట్టంలోకి ఎక్కడానికి 2009 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది చేసిన విద్యాహక్కు చట్టం 29వ సెక్షనులో, పిల్లవాడికి ఎంత అర్థమైంది, అర్థమైనదాన్ని ఎంతవరకు వాడుకోగలడు అన్నది నిరంతరంగా పరిశీలించాలని రాశారు. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అయితే అది 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు, అంటే ఎనిమిదో తరగతి వరకే వర్తిస్తుంది. తొమ్మిది, పది తరగతులకు ఈ పద్ధతిని రాష్ట్ర ప్రభుత్వం తన ఉత్తర్వులతో తెచ్చింది. తగవు అక్కడే మొదలైంది.

నాలుగు పనులు, 50 మార్కులు

ముందు ఆ మార్కులు ఎలా వేశారో తెలుసుకోవాలి. ఏడాదిలో అప్పుడప్పుడు జరిపే చిన్న పరిశీలనకు నిర్మాణాత్మక మూల్యాంకనం అని పేరు. పిల్లలు ఎఫ్.ఎ. అంటారు. హైస్కూళ్ళలో ఒక్కొక్క ఎఫ్.ఎ.కు 50 మార్కులు పెట్టి నాలుగు పనులకు పంచారు. తరగతిలో పాల్గొని స్పందించినందుకు 10, సొంతంగా రాసిన రాతపనికి 10, ప్రాజెక్టు పనికి 10, స్లిప్ టెస్టు అనే చిన్న పరీక్షకు 20.

సాంఘికంలో ఏం చూడాలన్నది కూడా అప్పటి పాఠ్యపుస్తకాలలోనే రాసి ఇచ్చారు. విషయం అర్థం కావడం, చదివినదాన్ని వ్యాఖ్యానించడం, సమాచారం సేకరించి పట్టిక చేయడం, సమకాలీన విషయాల మీద ప్రశ్నించడం, పటం చదవడం, గీయడం, తోటివారిపట్ల సున్నితంగా ఉండడం. మొత్తం ఆరు.

ఈ ఆరింటిలో మొదటి రెండింటిని పరీక్ష హాలులో తూచవచ్చు. పటం కూడా కొంతవరకు తూచవచ్చు. కాని ఒక పిల్లవాడు నలుగురి దగ్గరికి పోయి మర్యాదగా అడిగి నిజం రాబట్టగలడా, రెండు మాటలు పొంతన కుదరకపోతే ఏది నమ్మాలో తేల్చుకోగలడా అన్నది మూడు గంటల పేపరులో ఎలా తెలుస్తుంది? సాంఘిక శాస్త్రంలో అసలు చదువంతా అక్కడే ఉన్నది. అందుకే ఈ సబ్జెక్టుకు ఏడాది పొడవునా జరిగే పరిశీలన మరింత అవసరం.

ఇరవై మార్కుల తగవు

పదో తరగతికి ఈ పద్ధతి మన రాష్ట్రంలో 2017 మార్చి పరీక్షలతో వచ్చింది. ప్రతి సబ్జెక్టులోను చివరి పరీక్షకు 80, బడిలో వేసే ఇంటర్నల్ మార్కులకు 20. సాంఘికంలో 40 మార్కుల పేపర్లు రెండు, బడి నుంచి 20. 2017, 2018, 2019 సంవత్సరాలలో మూడు బ్యాచీలు ఇలాగే పరీక్ష రాశాయి.

ఆ మూడేళ్ళలో ఫిర్యాదులు పెరిగాయి. కొన్ని ప్రైవేటు పాఠశాలలు పిల్లలందరికీ 20కి 20 వేస్తున్నాయని, నిక్కచ్చిగా మార్కులు వేసే బడుల పిల్లలు దానివల్ల వెనకబడిపోతున్నారని తల్లిదండ్రులు, ఉపాధ్యాయ సంఘాలు మొత్తుకున్నాయి. ఇరవైకి పదమూడు వేసిన అయ్యవారు నిజాయితీపరుడే. కాని ఆ నిజాయితీ ధర చెల్లించింది పిల్లవాడు. చివరికి 2019 జులైలో ప్రభుత్వం ఇంటర్నల్ మార్కులను రద్దు చేసి, మొత్తం 100 మార్కులకూ చివరి పరీక్షే పెడతామని ప్రకటించింది.

తూకంలో మోసం జరిగితే తూకపురాయిని సరిచూస్తారు. ఇక్కడ తక్కెడనే తీసి అవతల పెట్టేశారు. ఒక్క మనమే కాదు. సి.బి.ఎస్.ఇ. 2009-10లో ఈ పద్ధతిని ఆర్భాటంగా మొదలుపెట్టి, పదో తరగతి బోర్డు పరీక్షను 2018లో మళ్ళీ అందరికీ తప్పనిసరి చేసింది. తెలంగాణలో 2014-15లో వచ్చిన 80-20 పద్ధతిని 2024 నవంబరులో రద్దు చేస్తున్నట్లు ప్రకటించి, వెంటనే ఆ నిర్ణయాన్ని వాయిదా వేశారు. చిక్కు అన్నిచోట్లా ఒక్కటే. బడిలో వేసిన మార్కును బయటివారు నమ్మేది ఎలా?

కరోనా తెచ్చిన మలుపు

ఇంటర్నల్ మార్కులు వద్దనుకున్న మరుసటి ఏడాదే కథ అడ్డం తిరిగింది. 2020లో కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు జరగలేదు. 2021లోనూ జరగలేదు. పిల్లలందరూ పాసైనట్లు ప్రకటించారు. కాని వట్టి ‘పాస్’ అన్న మాటతో పై చదువులకు, ఉద్యోగాలకు దరఖాస్తు చేసేది ఎలా? విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఛాయారతన్ అధ్యక్షతన కమిటీ వేశారు. ఆ కమిటీ చేతికి దొరికిన ఆధారం ఏమిటి? బడులలో అంతకుముందు జరిగిన చిన్న పరీక్షల మార్కులే. 2021 బ్యాచీకి ఆ ఏడాది జరిగిన రెండు ఎఫ్.ఎ.ల మార్కులనుబట్టి గ్రేడులు ఇచ్చారు. అందులో స్లిప్ టెస్టుకు ఎక్కువ విలువ, ప్రాజెక్టు మొదలైన మిగతా మూడు పనులకు తక్కువ విలువ కట్టారు. ఆ ఏడాది ఆగస్టులో ఫలితాలు వచ్చాయి.

ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ చిన్న మార్కులే పిల్లల చేతికి వచ్చిన సర్టిఫికెట్ అయి కూర్చున్నాయి. స్లిప్ టెస్టు రోజున జ్వరంతో ఇంట్లో ఉన్న పిల్ల, వేరుశెనగ కోతకు పోయి బడి మానిన పిల్లవాడు ఆ మార్కులు ఇంత దూరం వస్తాయని కలలోనైనా అనుకుని ఉండరు.

పదో తరగతి మార్కు పల్లెలో ఎంత పని చేస్తుందో అందరికీ తెలియదు. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగాలకు రాతపరీక్ష లేదు, పదో తరగతి మార్కులనుబట్టే ఎంపిక చేస్తారు. ఇడుపులపాయ వంటి ట్రిపుల్ ఐటీలలోనూ పది మార్కులనుబట్టి సీట్లు ఇచ్చే పద్ధతి ఉండేది. 2020, 2021లలో ఆ మార్కులు లేకపోవడంతో వేరుగా ప్రవేశపరీక్ష పెట్టవలసి వచ్చింది. ఆ తరువాత 2022లో పదో తరగతి పరీక్షలు మళ్ళీ జరిగితే రాష్ట్రం మొత్తం మీద 67.26 శాతమే పాసయ్యారు. కరోనా కాలంలో తలుపులు మూసిన బడి పిల్లలకు ఏం చేసిందో ఆ అంకె చెబుతున్నది.

2022 నుంచి సాంఘికానికి 100 మార్కుల పేపరు ఒక్కటే. ఎఫ్.ఎ.లు మాత్రం బడులలో ఆగలేదు. పదో తరగతి సర్టిఫికెట్లోకి వాటి మార్కు ఎక్కడం మానేసింది, అంతే. అందుచేత ‘వాటితో పనేముంది’ అన్న నిర్లక్ష్యం ఇటు ఇంట్లోను, అటు బడిలోను పెరిగే ప్రమాదం ఉన్నది.

అయ్యవారి తల మీద ఎంత బరువు?

ఉపాధ్యాయుల వైపు నుంచి కూడా ఒక లెక్క చూడాలి. ఒక హైస్కూలులో ఆరు నుంచి పది దాకా ఐదు తరగతులు, తరగతికి 40 మంది, సాంఘికానికి ఒక్కరే ఉపాధ్యాయులు అనుకుందాం. పిల్లలు 200 మంది. ఒక ఎఫ్.ఎ.కు ఒక్కొక్కరికి నాలుగు మార్కులు వేయాలి. అంటే 800 మార్కులు. అలాంటివి ఏడాదికి నాలుగు జరిగితే 3,200. ఒక్కొక్క పని చూడడానికి మూడు నిమిషాలు పట్టినా మొత్తం 160 గంటలు. రోజుకు ఐదు గంటల చొప్పున 32 బడి రోజులు అటే పోతాయి. ఆ తరువాత మార్కులను కంప్యూటరులో ఎక్కించే పని వేరే ఉన్నది.

ఇంత పని మీదపడితే ఏమవుతుంది? ప్రాజెక్టు పుస్తకం అట్ట చూసి మార్కు వేయడం జరుగుతుంది. అది తెలిసిన పిల్లవాడు అట్ట మీదే శ్రద్ధ పెడతాడు. ఊళ్ళో షాపులో బొమ్మల చార్టు కొంటాడు, నెట్ సెంటరులో నాలుగు పేజీలు ప్రింటు తీయించి అంటిస్తాడు. ఇప్పుడైతే సెల్‌ఫోనును అడిగితే అదే రాసి ఇస్తుంది. మార్కు పడుతుంది. నేర్చుకున్నది సున్న.

పుస్తకంలో పాలంపూర్, గడప బయట మన ఊరు

2023-24లో మన రాష్ట్రంలో తొమ్మిదో తరగతికి ఎన్.సి.ఇ.ఆర్.టి. సాంఘిక పుస్తకాలు, ఆ మరుసటి ఏడాది పదో తరగతికి కూడా అవే వచ్చాయి. తొమ్మిదో తరగతి ఆర్థిక శాస్త్రంలో మొదటి పాఠం పాలంపూర్ అనే ఊహాగ్రామం గురించి. అక్కడ గోధుమ, చెరకు పండిస్తారు. బోరుబావులున్నాయి, చిన్న రైతులున్నారు, కూలికి పోయేవారున్నారు. పాఠం మంచిదే. కాని దాన్ని బట్టీ పెట్టి రాస్తే పాలంపూరే మిగులుతుంది. మన ఊరిలో వరి ఎన్ని ఎకరాలు, వేరుశెనగ ఎన్ని ఎకరాలు, చెరువు కింద తడిసేది ఎంత, బోరు కింద ఎంత, ఆడకూలి ఎంత, మగకూలి ఎంత అని పిల్ల సొంతంగా పట్టిక వేసి పాలంపూర్ పక్కన పెడితే అది సాంఘిక శాస్త్రం అవుతుంది.

మన చుట్టుపక్కల ఇలాంటి పాఠాలకు కొదవ లేదు.

స్వర్ణముఖి సంగతే తీసుకోండి. 2021 నవంబరులో ఆ నదికి పెద్ద వరద వచ్చింది. నీరు ఏ వీధిదాకా వచ్చింది, ఏ చెరువు మొరవ పారింది, ఏ కట్ట తెగింది అన్నది చూసినవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. వారిని అడిగి ఊరి పటం మీద వరద గీత గీసిన పిల్లవాడికి పటనైపుణ్యం వచ్చినట్లే. నదులలో చాలా భాగం తూర్పుకు పారుతుంటే కాళహస్తి గుడి దగ్గర స్వర్ణముఖి ఉత్తరంగా ఎందుకు తిరిగిందో పటం ముందు పెట్టుకుని ఆలోచిస్తే అది మరొక పాఠం.

శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. ఆ రాత్రి పట్టణంలో ఉన్న నలుగురిని అడిగితే నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు. ఎవరు కళ్ళారా చూశారు, ఎవరు విన్నది చెబుతున్నారు, అందరి మాటల్లో ఒకటిగా ఉన్నదేమిటి? చరిత్రకారులు చేసే పని ఇదే.

కలంకారీ ఉన్నది. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో గుడ్డను తడపడం, ఇనుము, బెల్లం ఊరబెట్టి నల్లరంగు తీయడం, పారే నీటిలో ఉతకడం. ఆ కళాకారుల ఇంటికి పోయి, ఒక గుడ్డకు ఎన్ని రోజులు పడుతుంది, ముడిసరుకు ఖర్చెంత, అమ్మిన ధర ఎంత, కళాకారుడికి మిగిలేది ఎంత, నదిలో నీరు లేనప్పుడు ఏం చేస్తారు అని అడిగితే భూగోళం, చరిత్ర, అర్థశాస్త్రం మూడూ ఒకేచోట దొరుకుతాయి.

ఇక 2022 ఏప్రిల్ 4న శ్రీకాళహస్తి చిత్తూరు జిల్లా నుంచి కొత్త తిరుపతి జిల్లాలోకి మారింది. ఆ మార్పుతో కలెక్టరు ఆఫీసుకు ప్రయాణం ఎంత తగ్గింది, ఏ పనికి ఇప్పుడు ఎక్కడికి పోవాలి అన్నది పౌరశాస్త్రమే.

ఈ పనులు ఎవరూ షాపులో కొనలేరు. సెల్‌ఫోనుకు మన ఊరి నీరుగంటి చెప్పిన మాట తెలియదు. అందుచేత నకలు బెడద చాలావరకు తీరుతుంది. ఉపాధ్యాయునికి దిద్దడమూ తేలికే. పుస్తకం అంతా చదవకుండానే పిల్లవాడిని పిలిచి మూడు ప్రశ్నలు వేస్తే చాలు. ఎవరిని అడిగావు? వారి మాటల్లో నీకు పొంతన కుదరనిది ఏది? నువ్వు ఏమని తేల్చావు? పని చేసిన పిల్లవాడు గడగడా చెబుతాడు. చేయనివాడు నేల చూస్తాడు.

ఇంగ్లండు అనుభవం

ఈ చిక్కు మనకే ప్రత్యేకం కాదు. ఇంగ్లండులో మన పదో తరగతి వంటి జి.సి.ఎస్.ఇ. పరీక్షకు విద్యార్థులు ఇంటి దగ్గర చేసిన పనికి కూడా మార్కులుండేవి. తల్లిదండ్రులే రాసి ఇస్తున్నారని, నకళ్ళు ఎక్కువయ్యాయని 2009 నుంచి చాలా సబ్జెక్టులలో ఆ పనిని ఉపాధ్యాయుల కంటి ఎదుటే చేయించారు. తరువాత అదీ తీసేశారు. అయితే భూగోళశాస్త్రంలో ఒక మంచి పని చేశారు. విద్యార్థులు బడి బయట రెండు వేరువేరు చోట్లకు పోయి పరిశీలన చేయాలి. అలా చేయించినట్లు బడి రాసి ఇవ్వాలి. దానికి బడి మార్కు వేయదు. చివరి పరీక్షలో ఆ పరిశీలన మీద ప్రశ్న వస్తుంది. చేసినవారికే జవాబు రాయడం వస్తుంది.

మనకూ ఇది పనికివచ్చే మార్గమే. సాంఘికం 100 మార్కుల పేపరులో ‘మీ ఊరిలో మీరు చేసిన ఒక ప్రాజెక్టులో ఎవరిని ఏమడిగారు, ఏం తెలిసింది’ అని ఒక ప్రశ్న ఉంటే, ఇంటర్నల్ మార్కుల తగవు లేకుండానే ఏడాది పనికి విలువ వస్తుంది. విద్యాశాఖ ఆలోచించవలసిన విషయమిది.

మనం చేయగలిగినది

ప్రభుత్వ నిర్ణయం వచ్చేదాకా ఆగనవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి.

ఒకటి: ప్రాజెక్టు కోసం పిల్లలు ప్రశ్నలు అడగడానికి వస్తే ‘పోరా, పనుంది’ అని తరమవద్దు. సర్పంచి, పంచాయతీ కార్యదర్శి, రైతు, కుమ్మరి, నేతగాడు, ముసలవ్వ – ఎవరైనా సరే పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పండి. గ్రామసభకు పిల్లలు వస్తే వెనక నిలబడి విననివ్వండి.

రెండు: చార్టు కొనడానికి డబ్బు అడిగితే, ఆ చార్టులో నువ్వు రాసేది ఏమిటని అడగండి. సాంఘికం ప్రాజెక్టుకు తెల్లకాగితం, పెన్సిలు, నాలుగు ఇళ్ళ చుట్టూ తిరిగే ఓపిక చాలు.

మూడు: ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టే ముందు నోటుపుస్తకం తెప్పించుకోండి. చదువు రాకపోయినా ఫరవాలేదు. పిల్లచేత చదివించి వినండి. ఎర్రసిరా దిద్దుబాటు ఉన్నదా, దిద్దిన తప్పును పిల్ల మళ్ళీ సరిగా రాసిందా చూడండి. నిరంతర మూల్యాంకనం జరిగినదీ లేనిదీ ఆ ఎర్రగీతలే చెబుతాయి. పదికి పది వేసి ఒక్క గీతా లేని పుస్తకం కన్న, ఆరు వేసి నాలుగు చోట్ల దిద్దిన పుస్తకం పిల్లకు ఎక్కువ మేలు చేస్తుంది.

నాలుగు: 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా బడులలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశాలు జరిగాయి. ఇలాంటి సమావేశానికి పిలిచినప్పుడు భోజనం, యూనిఫారాల సంగతితోపాటు సాంఘికం ప్రాజెక్టులను బల్ల మీద పెట్టి అందరికీ చూపించమని పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుల ద్వారా అడగండి. అందరి కళ్ళ ముందు ఉన్న పనికి దొంగమార్కు వేయడం కష్టం. నిక్కచ్చిగా వేసే ఉపాధ్యాయులకు అది అండగా కూడా ఉంటుంది.

మార్కుల పద్ధతులు ప్రభుత్వాలతోపాటు మారుతూ వచ్చాయి. 2017లో వచ్చిన 20 మార్కులు 2019లో పోయాయి. 2021లో వేరే దారిలేక మళ్ళీ బడి మార్కులనే ఆశ్రయించవలసి వచ్చింది. రేపు ఇంకేదైనా రావచ్చును. ఏ పద్ధతి వచ్చినా, తన ఊరి చెరువు లెక్క, పంచాయతీ ఖర్చు, కూలి రేటు అడిగి తెలుసుకోవడం నేర్చిన పిల్ల ఓటు వేసే వయసుకు వచ్చేసరికి ఎవరి మాటలకూ తేలికగా మోసపోదు. సాంఘిక శాస్త్రం బడిలో పెట్టినది అందుకే. ఆ చదువు సాగుతున్నదో లేదో ఈ నెల నోటుపుస్తకం తెరిస్తే తెలుస్తుంది.